ఇరుక్కున్న తూటా: అండమాన్‌ నుంచి కాలీకోట్‌ దాకా ఒకే ప్రశ్న

1857 తిరుగుబాటు గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే మాట అందరికీ తెలుసు: తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త సిపాయిలను రగిలించింది. అసలు తూటాకు కొవ్వు పూయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో మాత్రం ఆ పుస్తకాలు సాధారణంగా చెప్పవు. ఎన్‌ఫీల్డ్‌ రైఫిల్‌ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. మందునూ గుండునూ గొట్టం మూతి నుంచే లోపలికి దించాలి. కాల్చిన కొద్దీ గొట్టంలో మసి పేరుకుంటుంది. ఆ మసి మీదుగా తర్వాతి గుండు సాఫీగా దిగక మధ్యలో పట్టేస్తుంది. అలా పట్టేయకుండా జారడానికి పూసినదే ఆ కొవ్వు. అంటే దేశాన్ని కుదిపేసిన ఆ కొవ్వు, తుపాకిలో తూటా ఇరుక్కోకుండా చేసిన ఏర్పాటు.

సాంకేతికంగా ఆ ఏర్పాటులో తప్పు లేదు. ఆ తూటా కాగితాన్ని పంటితో కొరికి చింపవలసిన మనిషిని ఒక్క మాట అడగకపోవడమే తప్పు. 1857 జనవరిలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో అనుమానం మొదలైంది. సిపాయిలు తమకు నచ్చిన కొవ్వు తామే పూసుకోవచ్చనీ, పంటితో కాక చేతితో చింపవచ్చనీ అధికారులు సర్దుబాట్లు చేసేసరికి ఆలస్యమైపోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్‌ పాండే తుపాకి ఎత్తాడు. మే 10న మీరట్‌ భగ్గుమంది. మరుసటి ఏడాది 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో డాక్టర్‌ జేమ్స్‌ ప్యాటిసన్‌ వాకర్‌ అండమాన్‌ తీరంలో దిగాడు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌ బ్లెయిర్‌ శిక్షా స్థావరం అలా మొదలైంది. నల్లనీళ్ల చరిత్రకు ఒక మూలం తుపాకి గొట్టంలోని మసి దగ్గర ఉంది.

ఆ తర్వాత నూట యాభై ఏళ్లలో తుపాకి ఎంతో మారింది. కాగితం తూటా పోయి ఇత్తడి తూటా వచ్చింది, ఇరుక్కునే తీరూ మారింది. తయారీదారుకూ, కొనుగోలు చేసే ప్రభుత్వానికీ, పోరాడే సైనికుడికీ మధ్య సంబంధం మాత్రం పెద్దగా మారలేదు. యుద్ధం మధ్యలో తుపాకి మొరాయిస్తే మొదటి నింద దాన్ని పట్టుకున్నవాడి మీదే పడుతుంది: సరిగా తుడవలేదు, సరిగా వాడలేదు. అసలు దోషం బయటపడేది ఎవరో లెక్క తీసినప్పుడు, లేదా ఎవరో చట్టసభలో అడిగినప్పుడు. ఈ వరసను అండమాన్‌ తీరం నుంచే మొదలుపెట్టి చూడవచ్చు.

1867లో ‘అస్సాం వ్యాలీ’ అనే ఓడ నుంచి కెప్టెన్‌, మరో ఏడుగురు నావికులు లిటిల్‌ అండమాన్‌లో దిగి తిరిగి రాలేదు. అది ఓంగే తెగ ప్రజల ద్వీపం. వారి జాడ తీయమని బ్రిటిష్‌ బర్మా చీఫ్‌ కమిషనర్‌ ఆదేశించగా, 24వ పదాతి రెజిమెంట్‌ రెండో బెటాలియన్‌కు చెందిన దళం ‘అరకాన్‌’ అనే స్టీమర్‌లో వెళ్లింది. మే 7న ఒడ్డుకు దిగిన దళం మీద ఓంగేలు బాణాలు వేశారు, దళం కాల్పులు జరిపింది. తూటాలు అయిపోవస్తుండగా వెనక్కి వెళ్లాల్సిన పడవ అలల్లో మునిగింది. అప్పుడు డాక్టర్‌ క్యాంప్‌బెల్‌ మెల్లిస్‌ డగ్లస్‌, సాధారణ సైనికులు థామస్‌ మర్ఫీ, జేమ్స్‌ కూపర్‌, డేవిడ్‌ బెల్‌, విలియం గ్రిఫిత్స్‌ ఒక చిన్న పడవలో పోటెత్తే అలలను దాటి మళ్లీ మళ్లీ వెళ్లి 17 మందిని కాపాడారు. ఐదుగురికీ విక్టోరియా క్రాస్‌ దక్కింది. శత్రువుతో పోరుకు కాక, సముద్రంతో పోరుకు ఆ పతకం ఇవ్వడం అరుదు.

ఆ పతకాల పత్రంలో తెల్ల సైనికుల పేర్లన్నీ ఉన్నాయి. ఆ రోజు కూలిన ఓంగేల పేరు ఒక్కటీ లేదు. 1901 జనగణన అంచనాలో ఓంగేలు 672 మంది, 2011 జనగణనలో 101 మంది. తుపాకి కంటే బయటివారు మోసుకొచ్చిన రోగాలే దీనికి ఎక్కువ కారణం కావచ్చు. కానీ ఆ రోగాలకు దారి తెరిచింది తుపాకి నీడలో దిగిన పడవలే. తూటా సరఫరా ఆగిపోవడం ఒడ్డున ఉన్న సైనికుడికి ఆపద అయితే, చెట్ల చాటున ఉన్నవాడికి అదే ఊరట. ఆయుధాల చరిత్ర రాసేటప్పుడు ఈ రెండో వైపు మరవకూడదు.

బ్రిటిష్‌ సైన్యం మూతి నుంచి కూరే తుపాకిని వదిలి, వెనుక నుంచి తూటా పెట్టే తుపాకికి మారుతున్న ఏళ్లు అవి. 1866లో స్నైడర్‌, 1871లో మార్టినీ-హెన్రీ ఆమోదం పొందాయి. సిపాయిలను నమ్మని ప్రభుత్వం, 1857 తర్వాత భారతీయ పటాలాలకు తెల్ల సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధం ఇవ్వడం ఆనవాయితీగా పెట్టుకుంది. కాబట్టి కొత్త తుపాకి సుఖమూ, దాని కొత్త జబ్బూ మొదట తెల్ల సైనికుడికే అనుభవంలోకి వచ్చాయి.

ఆ జబ్బు అర్థం కావాలంటే లోహపు తూటా పనితీరు తెలియాలి. గొట్టం వెనుక కొసన తూటా సరిగ్గా ఒదిగే గది ఒకటి ఉంటుంది, దాన్ని ఛాంబర్‌ అంటారు. మందు అంటుకోగానే పుట్టే ఒత్తిడికి ఇత్తడి తొడుగు ఉబ్బి ఛాంబర్‌ గోడలకు గట్టిగా అతుక్కుంటుంది. వాయువు వెనక్కి తన్నకుండా సీసా మూతకు బిరడాలా అడ్డుపడుతుంది. గుండు వెళ్లిపోయాక ఒత్తిడి తగ్గుతుంది. ఇత్తడికి ఉన్న సాగే గుణం వల్ల తొడుగు కొద్దిగా ముడుచుకుని గోడలను వదులుతుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్‌ అనే కొక్కెం తొడుగు అంచును పట్టి బయటకు లాగుతుంది. ఉబ్బడం, ముడుచుకోవడం రెండూ సమపాళ్లలో జరగాలి. గోడ మీద మసో ఇసుకో తుప్పో ఉన్నా, తొడుగు సొట్టపడినా, లోహం మెత్తగానో పల్చగానో ఉన్నా తొడుగు వదలదు. కొక్కెం బలంగా లాగితే అంచు తెగి చేతికొస్తుంది, తొడుగు లోపలే ఉండిపోతుంది. ఆ క్షణం నుంచి రైఫిల్‌ ఒక కర్ర.

మార్టినీ-హెన్రీ తూటాను వూలిచ్‌ రాయల్‌ లేబొరేటరీ అధిపతి ఎడ్వర్డ్‌ బాక్సర్‌ రూపొందించిన పద్ధతిలో చేసేవారు. పల్చని ఇత్తడి రేకును చుట్టగా చుట్టి, అడుగున ఇనుప బిళ్ల బిగించేవారు. ఒకే ఇత్తడి బిళ్లను సాగదీసి అతుకు లేని తొడుగు చేసే పద్ధతి అప్పటికే కొన్ని దేశాల సైన్యాల్లో ఉంది. అయినా రేకు చుట్టే కొనసాగింది. ఆ రేకు సంచిలో సొట్టపోయేది, మసి పట్టిన వేడి ఛాంబర్‌లో గోడకు అంటుకుపోయేది. ఇనుప బిళ్ల మాత్రం కొక్కెంతో పాటు ఊడి వచ్చేది.

దీని ఫలితం చూడటానికి లిటిల్‌ అండమాన్‌కు వెళ్లిన 24వ రెజిమెంట్‌నే దక్షిణాఫ్రికా దాకా అనుసరించాలి. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా కొండ కింద దాదాపు 20 వేల మంది జులూ యోధులు ఆ రెజిమెంట్‌ శిబిరాన్ని చుట్టుముట్టారు. 1,300 మందికి పైగా బ్రిటిష్‌ పక్షం వారు చనిపోయారు. వారిలో పన్నెండేళ్ల క్రితం అండమాన్‌ అలల్లో పతకం తెచ్చుకున్న విలియం గ్రిఫిత్స్‌ ఒకడు. అదే రోజు సాయంత్రం నుంచి మర్నాటి దాకా రోర్క్స్‌ డ్రిఫ్ట్‌ అనే చిన్న స్థావరాన్ని దాదాపు 150 మంది కాపాడుకున్నారు. ఎడతెగని కాల్పులతో రైఫిల్‌ వేడెక్కి మసి పట్టిందనీ, ఛాంబర్‌లో తొడుగు పలుమార్లు ఇరుక్కుందనీ, శుభ్రం చేసే కడ్డీతో దాన్ని పొడిచి తీయాల్సి వచ్చిందనీ అక్కడ పోరాడిన హెన్రీ హుక్‌ తర్వాత చెప్పాడు.

ఇసాండ్ల్వానా ఓటమికి ఆ తొడుగులే కారణమని చెప్పడం అతిశయోక్తి. శిబిరం చుట్టూ రక్షణ కట్టకపోవడం, సైన్యాన్ని రెండుగా చీల్చడం, దళాలను పల్చగా చాలా దూరం పరచడం, జులూ సైన్యం వ్యూహ నైపుణ్యం అసలు కారణాలు. కానీ ఓటమి తర్వాత సేనాపతుల తప్పిదాలను కప్పడానికి తూటా పెట్టెల మేకుల మీదా, సరఫరా గుమాస్తాల మీదా కథలు పుట్టాయి. తుపాకి జబ్బును దాచడం ఎంత మోసమో, నాయకత్వ వైఫల్యాన్ని తుపాకి మీదకు నెట్టడమూ అంతే మోసం.

జులూ యుద్ధం నడుస్తున్న ఆ 1879లోనే మన గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచింది. చిగురు పన్నుకూ, మన్సబుదారు పీడనకూ విసిగిన ముఠాదారులు, కొండ ప్రజలు పోలీసు ఠాణాల మీద పడ్డారు. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగలబెట్టాడు. మద్రాసు పటాలాలతో పాటు హైదరాబాద్‌ కంటింజెంట్‌ను కూడా దించాక గానీ తిరుగుబాటు అణగలేదు. పట్టుబడినవారిలో అనేకులను అండమాన్‌కే పంపారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకుంది. కర్మాగారం గానీ మరమ్మతు శాల గానీ లేని తిరుగుబాటుదారుకు ఎదుటివాడి తూటాయే సరఫరా. అతని తుపాకిలో తొడుగు ఇరుక్కుంటే బాగుచేసి పంపే ఏర్పాటు ఉండదు. ప్రభుత్వ సైనికుడికి ఉన్న భరోసా ఆ ఏర్పాటే. అది విఫలమైనప్పుడు జవాబు చెప్పాల్సింది కూడా దాన్ని నడిపేవారే.

నిందకూ లెక్కకూ ఉన్న తేడాను అమెరికాలో జరిగిన ఒక ఘటన చూపుతుంది. 1876 జూన్‌ 25న లిటిల్‌ బిగ్‌హార్న్‌ వద్ద లకోటా, షయాన్‌ యోధుల చేతిలో కస్టర్‌ దళం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్‌ కార్బైన్లకు రాగి తొడుగు తూటాలు ఇచ్చారు. రాగి ఇత్తడిలా ముడుచుకోదు. ఇరుక్కున్న తొడుగులను సైనికులు కత్తి మొనతో పెకలించారు. బతికి బయటపడిన మేజర్‌ రీనో జూలైలో ఆయుధ శాఖకు లేఖ రాస్తూ తన కింద ఉన్న 380 కార్బైన్లలో 6 ఈ కారణంగా పనికిరాకుండా పోయాయని లెక్క ఇచ్చాడు. నూరేళ్లకు పైగా గడిచాక, 1983లో మంటలకు ఆ మైదానంలో గడ్డి కాలిపోయింది. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికిన తొడుగుల్లో పెకలించిన గీతలు ఉన్నవి కొద్దే అని తేలింది. ఓటమికి అది మూలకారణం కాదు. కానీ ఆ ఆరు తుపాకులు పట్టుకున్న ఆరుగురికి అదే మూలకారణం. అమెరికా సైన్యం తర్వాత రాగిని వదిలి ఇత్తడికి మారింది.

బ్రిటన్‌ మారడానికి మరో యుద్ధం పట్టింది. 1885 జనవరి 17న సూడాన్‌లోని అబూ క్లియా బావుల దగ్గర మహ్దీ సైనికులు బ్రిటిష్‌ చతురస్ర వ్యూహాన్ని ఛేదించారు. ఇసుక, వేడి, రేకు చుట్ట తూటా కలిసి మార్టినీ రైఫిళ్లు మొరాయించాయి. గార్డ్‌నర్‌ అనే యంత్ర తుపాకి కూడా నిలిచిపోయింది. కల్నల్‌ బర్నబీ చనిపోయాడు. ఈ ఘటన ఆంగ్ల పాఠశాలల్లో మోగిన హెన్రీ న్యూబోల్ట్‌ పద్యంలోకి ఎక్కింది. అందులో గార్డ్‌నర్‌ కాస్తా గాట్లింగ్‌ అయింది, తుపాకి వైఫల్యం కాస్తా కుర్రాళ్ల ధైర్యానికి నేపథ్యమైంది. తూటా ఎవరు చేశారు, ఎవరు పరీక్షించారు అన్న ప్రశ్నకు పద్యంలో చోటు ఉండదు. అయితే సూడాన్‌ ఫిర్యాదుల తర్వాత రేకు చుట్ట స్థానంలో అతుకు లేని సాగదీత ఇత్తడి తొడుగు వచ్చింది. ఆ మార్పు చేసింది కర్మాగారం. సైనికుడు ఎంత తుడిచినా రేకు చుట్టను దళసరి తొడుగుగా మార్చలేడు.

అయినా పాఠం ఒంటబట్టలేదనడానికి వియత్నాం సాక్ష్యం. ఎం-16 రైఫిల్‌ను ఒక రకం మందుతో పరీక్షించి, తూటాల్లో వేరే రకం మందు నింపి పంపారు. కొత్త మందుతో మసి పెరిగింది, తుపాకి వేగమూ పెరిగింది. ఛాంబర్‌కు క్రోమియం పూత లేదు, చిత్తడి అడవుల్లో తుప్పు పట్టింది. పైగా ఈ తుపాకికి శుభ్రం చేయనక్కర్లేదన్న ప్రచారం నడిచింది. తుడిచే సామగ్రి చాలామందికి అందనే లేదు. ఇరుక్కున్న తొడుగులతో చనిపోయిన సహచరుల గురించి సైనికులు ఇళ్లకు ఉత్తరాలు రాశారు, అవి కాంగ్రెస్‌ సభ్యుల చేతికి వెళ్లాయి. 1967లో ఇకార్డ్‌ అధ్యక్షతన ఏర్పడిన ప్రతినిధుల సభ ఉపసంఘం విచారించి, అధికారుల వైఖరి నేరపూరిత నిర్లక్ష్యం దరిదాపులకు చేరిందని తప్పుబట్టింది. ఛాంబర్‌కు క్రోమియం పూత, తుడిచే సామగ్రి, కొత్త శిక్షణ అప్పుడు వచ్చాయి. సైనికుడు తుడవాల్సిందే, నిజమే. తుడవడానికి గుడ్డా కడ్డీ ఇవ్వని ప్రభుత్వం ఆ మాట అనడానికి అర్హత కోల్పోతుంది.

మన దేశంలో ఈ వరస ఇన్సాస్‌ రైఫిల్‌ దగ్గర పునరావృతమైంది. 1990ల చివర సైన్యం చేతికి వచ్చిన ఈ 5.56 మిల్లీమీటర్ల రైఫిల్‌ 1999 కార్గిల్‌ చలిలో మొరాయించిందనీ, ప్లాస్టిక్‌ మ్యాగజైన్లు పగిలాయనీ ఫిర్యాదులు వచ్చాయి. 2005 ఆగస్టులో నేపాల్‌లోని కాలీకోట్‌ జిల్లాలో మావోయిస్టులతో గంటల తరబడి జరిగిన పోరులో భారత్‌ ఇచ్చిన ఇన్సాస్‌లు సరిగా పనిచేయలేదని నేపాల్‌ సైన్యం ఆరోపించింది. సరిగా వాడకపోవడమే కారణమనీ, కావాలంటే శిక్షణ ఇస్తామనీ భారత రాయబార కార్యాలయం బదులిచ్చింది. ఆ జవాబులో కొంత నిజం ఉండవచ్చు. ఎడతెరిపి లేని కాల్పులకు ఏ తేలికపాటి రైఫిలైనా వేడెక్కుతుంది. కానీ మొదటి జవాబే వాడినవాడి తప్పు కావడం యాదృచ్ఛికం కాదు. 2014లో సీఆర్‌పీఎఫ్‌ కూడా ఇన్సాస్‌ వద్దని కోరింది.

ఈ కథ మళ్లీ అండమాన్‌కే ఎందుకు తిరిగి రావాలంటే, దేశంలో త్రివిధ దళాల తొలి ఉమ్మడి కమాండ్‌ 2001లో ఏర్పడింది అక్కడే. ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడుగునా తేమ, గాలిలో ఉప్పు. ఇత్తడికి చిలుము, ఉక్కుకు తుప్పు పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో అరుదు. ఎడారిలో ఇసుక చేసే పనిని ఇక్కడ ఉప్పు నిశ్శబ్దంగా చేస్తుంది. ఛాంబర్‌లో సూదిమొనంత తుప్పు గుంట చాలు, ఉబ్బిన ఇత్తడి అందులోకి దిగి పట్టుకోవడానికి.

ఇలాంటి చోట సైనికుడి బాధ్యత స్పష్టం. కాల్పుల తర్వాత గొట్టాన్ని మాత్రమే తుడిచి వదలకుండా ఛాంబర్‌ను దానికి సరిపడే బ్రష్‌తో తుడవాలి. నిల్వ ఉంచేటప్పుడు పల్చగా నూనె పూసి, కాల్చే ముందు ఛాంబర్‌ను పొడిగా తుడిచేయాలి. జారుతుందని ఛాంబర్‌కు నూనె పట్టిస్తే దుమ్ము అంటుకుని ముద్ద అవుతుంది. తొడుగు గోడను పట్టుకోలేక తుపాకి వెనుక భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. చిలుము పట్టిన, సొట్టపడిన తూటాలను వేరు చేయాలి. తొడుగు ఇరుక్కుంటే అది కాలిన ఖాళీ తొడుగేనని నిర్ధారించుకున్నాకే మూతి నుంచి కడ్డీతో మెల్లగా తట్టాలి. లోపల ఉన్నది కాలని తూటా అయితే కడ్డీ పెట్టకుండా ఆయుధ నిపుణుడికి అప్పగించాలి. అంచు తెగి తొడుగు లోపలే ఉండిపోతే దాన్ని తీసే ప్రత్యేక పనిముట్టు అవసరం. కడ్డీలు, బ్రష్‌లు, ఆ పనిముట్టు ప్రతి దళానికీ అందించడం ప్రభుత్వం పని.

ప్రభుత్వం బాధ్యత అక్కడితో ఆగదు. 2021 అక్టోబర్‌ 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. రైఫిళ్లు ఒక కంపెనీకి, తూటాలు మరో కంపెనీకి వెళ్లాయి. తొడుగు ఇరుక్కోవడం రెండింటి సరిహద్దులో పుట్టే జబ్బు. ఛాంబర్‌ కొలత రైఫిల్‌ చేసేవాడిది, ఇత్తడి గట్టిదనం తూటా చేసేవాడిది. ఒకరు మరొకరి మీదకు నెట్టుకుంటే మధ్యలో మిగిలేది మళ్లీ సైనికుడే. వైఫల్యాలను తూటా బ్యాచ్‌ నంబరుతో సహా నమోదు చేసి, ఎన్ని తుపాకుల్లో ఎన్నిసార్లు అన్న లెక్కను పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు పెడితే గానీ ఈ నెట్టివేత ఆగదు. మేజర్‌ రీనో ఓటమి పాలైన నెలలోపే 380లో 6 అని రాయగలిగాడు. నేటి వ్యవస్థకు ఆపాటి లెక్క అసాధ్యం కాదు.

దేశభద్రత పేరు చెప్పి ఇలాంటి ప్రశ్నలను అడ్డుకోవడం తేలిక. 1857లో డమ్‌డమ్‌ సిపాయిల అనుమానాన్ని కూడా అధికారులు మొదట క్రమశిక్షణ సమస్యగానే చూశారు. రేకు చుట్ట తూటా మారడానికి అబూ క్లియా, ఎం-16 మారడానికి అమ్మానాన్నలకు అందిన ఉత్తరాలు కావలసి వచ్చాయి. ఇరుక్కున్న తొడుగును కడ్డీతో ఒక్కసారి బయటకు నెట్టడం సైనికుడి చేతిలో ఉంది. మళ్లీ ఇరుక్కోకుండా చూడటం మాత్రం ఆయుధం కొనేవారి చేతిలో, వారిని అడిగేవారి చేతిలో ఉంది.